ఐసాయన పోయిన వేసవి

మా నాన్న పోయిన రోజున మా ఐసు ఫ్యాక్టరీ ఆగలేదు. ఈ మాట చెబితే ఇప్పటికీ కొందరు ముఖం చిట్లిస్తారు. చిట్లించనీ. ఆపొద్దన్నది మా అమ్మ. ఎందుకందో తెలియాలంటే ఆ వేసవి సంగతి చెప్పాలి.

ఫ్యాక్టరీకీ మా ఇంటికీ మధ్య ఒక గోడ, ఆ గోడకొక ఇనప గేటు. ఎంత పనున్నా మధ్యాహ్నం భోజనం వేళకి ఆ గేటు కిర్రుమనాల్సిందే, నాన్న చేతులు దులుపుకుంటూ రావాల్సిందే. ఆయన వచ్చేదాకా ఎవరూ తినకూడదు. ఎవరి మీదైనా అలిగినా సరే, కంచం ముందు కూర్చునే అలగాలి. అది ఆయన చట్టం.

ఆ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను బళ్ళో పాఠాలు చెప్పేదాన్ని, సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. అమ్మ కంచాలు పెట్టింది. గేటు కిర్రుమంది. వచ్చింది నాన్న కాదు, ఫిట్టర్ తాత. ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ నాన్న పక్కనే ఉన్న మనిషి ఆయన. కంప్రెసర్ దగ్గితే తనకే దగ్గొచ్చినట్టు బాధపడేవాడు.

"అమ్మా, ఆయన కుర్చీలో కూర్చున్నాడు. పిలుస్తుంటే పలకటం లేదు" అన్నాడు తాత.

అమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా ఆ కాలిన నేల మీద నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. మిషను గది దడదడలాడుతోంది. నాన్న గోడకి తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, పాట మధ్యలో ఆగినవాడిలా ఉన్నాడు. నిజంగానే పాడుతూ ఉండి ఉంటాడు. ఆయన గొంతు గాడిదకి మేనత్త కొడుకు. ఇంట్లో మేం పాడనివ్వం కాబట్టి, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదని, అక్కడ కూర్చుని పాడుకునేవాడు. అమ్మ ఆయన చెంప మీద చెయ్యి వేసింది. రోజంతా ఐసు మధ్య తిరిగే మనిషి, ఎప్పుడు ముట్టుకున్నా చల్లగానే ఉండేవాడు. అందుకని ఆవిడకి వెంటనే తెలియలేదు.

డాక్టరు వచ్చి, గుండె ఆగిందని చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. నాన్నని ముందు గదిలో పడుకోబెట్టారు. మా పెదనాన్న వచ్చాడు. నాన్నకి ఒక్కగానొక్క అన్న, ఊళ్ళో పెద్దమనిషి, ఏ పనికైనా ముందు నిలబడి నడిపించే అలవాటు. తమ్ముడి కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, లేచి, ఒకరికి కుర్చీలు, ఒకరికి మంచినీళ్ళు పురమాయించడం మొదలుపెట్టాడు. అప్పుడు ఫిట్టర్ తాత గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"మిషను ఆపెయ్యమంటారా?"

"అది కూడా అడగాలా? మనిషి ఇక్కడ పడుకుని ఉంటే అక్కడ ఆ దడదడేంటి? ముందు ఆపు" అన్నాడు పెదనాన్న.

"ఆపకు" అంది అమ్మ.

గదిలో అందరూ ఆవిడ వైపు చూశారు. అమ్మ ఏడవటం లేదు. నాన్న తలగడ సర్దుతోంది.

"చూడమ్మా, నీకిప్పుడు మనసు మనసులో లేదు" అన్నాడు పెదనాన్న, మెత్తగా.

"ఉంది బావగారూ. నీళ్ళు గడ్డకట్టటానికి రెండు రోజులు పడుతుంది. ఇవాళ ఆపితే ఎల్లుండి పొద్దున రేవులో ఐసుండదు. పడవలవాళ్ళకి ఎవరు చెప్తారు, ఐసాయన పోయాడు, మీరు వేటకి వెళ్ళకండి అని?"

"లోకం ఏమనుకుంటుంది?"

"లోకం కూడా చేపలు తింటుంది" అంది అమ్మ. తర్వాత తాత వైపు తిరిగి, "నువ్వెళ్ళు. గాలి గొట్టాలు చూసుకో" అంది.

మా అక్క దూరాన ఉంటుంది. తను వచ్చేసరికి మర్నాడు సాయంత్రం అవుతుంది. ఆ ఎండలో అప్పటిదాకా ఉంచాలంటే ఐసు కావాలి. ఊరందరి ఇళ్ళకీ ఇలాంటి రోజున ఐసు పంపింది మా నాన్నే. ఎవరింటి నుంచి కబురొచ్చినా, వాళ్ళతో మాటలున్నా లేకపోయినా, బేరం మాట ఎత్తకుండా మంచి దిమ్మలు ఏరి పంపేవాడు. ఇప్పుడు పనివాళ్ళు నలుగురు గోనెపట్టా కప్పిన దిమ్మని మోసుకుంటూ గేటులోంచి వచ్చారు. అమ్మ పట్టా ఎత్తి చూసింది.

"ఇది వద్దు. నడుమ పాలలా ఉంది" అంది.

క్యానులో, అంటే దిమ్మ పోసే రేకు డబ్బాలో, నీళ్ళు గడ్డకడుతుంటే మురికీ గాలీ అంతా నడుమకి చేరుతుంది. ఆ నడుమ నీళ్ళు తోడేసి కొత్తవి పోస్తే దిమ్మ అద్దంలా వస్తుంది. బద్ధకిస్తే తెల్లటి కడ్డీ మిగులుతుంది. తెల్ల కడ్డీ కనపడితే నాన్న ఫ్యాక్టరీ పైకప్పు లేచేలా అరిచేవాడు. పనివాళ్ళు మారు మాట్లాడకుండా ఆ దిమ్మని తీసుకుపోయారు. రెండోసారి తెచ్చినదానికి అటువైపు నిలబడ్డ నా చెయ్యి, వేలి గీతలతో సహా కనిపించింది. అమ్మ తల ఊపింది.

అక్క వచ్చి, పడి ఏడ్చి, చివరిచూపు చూసుకున్నాక, మర్నాడు పొద్దున్నే నాన్నని సాగనంపాం. వీధి వీధంతా వెనకే నడిచింది. రేవు రోడ్డు మలుపు దగ్గర మాకెదురుగా మా ఐసు బండే వచ్చింది, రేవుకి సరుకు వేసుకుని. డ్రైవరు మమ్మల్ని చూసి బండి ఆపి, దిగి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. వాడి కళ్ళ వెంట నీళ్ళు, వెనక బండి పలకల సందుల్లోంచి నీళ్ళు.

అమ్మ నడక ఆపి వాడి దగ్గరికి వెళ్ళింది.

"ఎండలో నిలబెట్టావేంట్రా? పో, కరిగిపోతోంది" అంది.

వాడు తలపాగా పెట్టుకుని బండెక్కాడు. మా వెనక ఎవరో ఆడమనిషి, "రాతి గుండె తల్లీ" అని గొణిగింది. నాకు వినపడింది. అమ్మకీ వినపడే ఉంటుంది. నాన్నే బతికి ఉండి ఎండలో ఆగిన ఐసు బండిని చూసి ఉంటే ఏమనేవాడో ఆ ఆడమనిషికి తెలియదు. తెలిస్తే చెవులు మూసుకునేది.

* * *

మర్నాడు అమ్మ ఫ్యాక్టరీలో అడుగుపెట్టింది. అన్నేళ్ళలో గేటు దాటి లోపలికి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆవిడకి తెలియంది లేదు. భోజనాల దగ్గర నాన్న నోట్లో ముద్ద కంటే ముందు ఫ్యాక్టరీ ఉండేది. క్యానులు ముంచే ఉప్పునీటి తొట్టి ఏమంటోంది, ఏ పడవ ఎప్పుడొస్తోంది, ఎవడికి అప్పగించిన పని ఎవడు చెడగొట్టాడు, అన్నీ అమ్మకి చెప్పి, "ఏం చేద్దామంటావ్?" అని అడిగేవాడు. అమ్మ చెప్పేది. మర్నాడు అదే తన బుర్రలో పుట్టినట్టు పనివాళ్ళకి చెప్పేవాడు. అమ్మకి అదంతా తెలుసు, నవ్వుకునేది.

కాకపోతే అన్నీ చెవితో చూసినవే. ఫిట్టర్ తాత ఒక్కొక్కటీ చూపిస్తుంటే ఆవిడ ఆశ్చర్యానికి అంతులేదు. కండెన్సర్ దగ్గర ఆగిపోయింది.

"ఇదేనా కండెన్సర్?"

"ఇదేనమ్మా."

"ఇంతేనా? ఇన్నేళ్ళూ మా భోజనాలు పాడుచేసింది ఈ గొట్టాల గుంపా? నేనింకా ఏనుగంత ఉంటుందనుకున్నాను."

తాత నవ్వాడు. నాన్న పోయాక ఆ గదిలో మొదటిసారి ఎవరైనా నవ్వటం అదే. నవ్వి, తప్పు చేసినవాడిలా నోరు మూసుకున్నాడు. "నవ్వు, ఫర్వాలేదు. ఆయనకి మూతి ముడుచుకున్నవాళ్ళంటే చిరాకు" అంది అమ్మ.

ఆవిడ మిషను గదిలో ఒక బల్ల వేయించుకుని కూర్చుంది. నేను రేవు పని చూశాను. ఆ వేసవిలో నాకు ఎవరూ చెప్పని పాఠాలు చాలా వచ్చాయి. అమోనియా వాసనకి కళ్ళు మండకుండా పక్కకి తిరిగి ఊపిరి పీల్చడం, గొలుసుకప్పీ మీద క్యాను లేస్తుంటే దాని కింద కాకుండా పక్కన నిలబడటం, పడవలవాళ్ళతో వాళ్ళ కంటే గట్టిగా అరవడం. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు చెంపలకి ఆనించుకుంటే అవి నావి కానట్టుండేవి. చిన్నప్పుడు మాకు జ్వరమొస్తే అమ్మ తడిగుడ్డ వేసేది కాదు, గేటు దగ్గరికెళ్ళి నాన్నని కేకేసేది. ఆయన వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. చెయ్యి వెచ్చబడితే రెండోది. అక్కకీ నాకూ ఒకేసారి జ్వరమొచ్చినప్పుడు, "దేవుడు రెండు చేతులు ఇందుకే ఇచ్చాడు, మూడో పిల్ల వద్దు" అన్నాడట అమ్మతో.

నాన్న ఈ వ్యాపారం మొదలుపెట్టింది సైకిలు వెనక పెట్టెలో ఐసు ముక్కలు పెట్టుకుని తిరుగుతూ. అప్పుడు పెదనాన్న, "నీళ్ళమ్ముకునేవాడికి పిల్లనెవడిస్తాడ్రా?" అన్నాడట. ఇచ్చాడు మా తాతయ్య. ఇస్తూ ఆయన కూడా ఒక చురక వేశాడు. "అంతా బాగానే ఉంది గానీ, నీ సరుకు కరిగిపోతుందయ్యా" అన్నాడు. నాన్న, "కరుగుతుంది కాబట్టే మామయ్యా, రేపు మళ్ళీ కొంటారు" అన్నాడు. ఆ ముక్క విని తలుపు వెనకున్న అమ్మ సరేనంది. ఈ కథ నాన్న ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ తన జవాబు ఇంకొంచెం పెద్దదయ్యేది.

ఎవరో మూసేసిన ఫ్యాక్టరీలో తుప్పు పట్టిన కంప్రెసర్‌ని నాన్నా ఫిట్టర్ తాతా విప్పి, బండిలో వేసుకొచ్చి, అన్నదమ్ములిద్దరిదీ అయిన స్థలంలో షెడ్డు వేసి నిలబెట్టారు. పెదనాన్న వద్దన్నాడు. వద్దన్నవాడు మళ్ళీ ఆ షెడ్డులో కాలు పెట్టలేదు. తమ్ముడంటే ప్రాణమే, మా ఇంటికి రాని వారం లేదు, కానీ గేటు దాటేవాడు కాదు. ఇద్దరికిద్దరూ మొండిఘటాలు.

* * *

నాన్న పోయిన కొద్ది రోజులకి పెదనాన్న మా ఇంటికి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. అక్క ఇంకా ఉంది.

"తమ్ముడి పేరు నిలబడాలమ్మా" అని మొదలుపెట్టాడు. "వర్తక సంఘం అధ్యక్షుడుగారు మంచి ఆలోచన చెప్పారు. ఫ్యాక్టరీ తీసేసి ఆ స్థలంలో వాడి పేరు మీద ఒక హాలు కడతారు. ముందర వాడి విగ్రహం. మీ ఇంటికి లోటు లేకుండా చూసే పూచీ వాళ్ళది. వచ్చే ఆదివారం సంతాప సభ. అక్కడ ప్రకటిద్దామని."

వర్తక సంఘం అధ్యక్షుడు రేవు పక్కన కొత్తగా కోల్డ్ స్టోరేజీ కడుతున్నాడు. దాంట్లో ఐసు కూడా చేస్తాడు. ఊళ్ళో మా ఫ్యాక్టరీ లేకపోతే అందరూ ఆయన గుమ్మం తొక్కాల్సిందే. అది పెదనాన్నకీ తెలుసు. తెలిసి కూడా వచ్చాడు. దానికి కారణం ఆయనే చెప్పాడు.

"ఆ మిషను మింగేసిందమ్మా వాణ్ణి. పొద్దున లేస్తే ఆ చలి, ఆ ఎండ, ఆ చలి. నేను ఆనాడే చెప్పాను. ఇప్పుడు నిన్నూ మింగుతుంది. ఈ పిల్లని కూడా."

ఆ మాటలో మోసం లేదు. అందుకే దానికి జవాబు చెప్పటం కష్టం.

"విగ్రహం ఎండలో నిలబడి ఏం చేస్తుంది బావగారూ?" అంది అమ్మ.

"అమ్మా, పెదనాన్న చెప్పేది విను. నువ్విప్పుడు విశ్రాంతి తీసుకోవాలి. నా దగ్గరికొచ్చి ఉండు" అంది అక్క.

"నీ దగ్గరికొస్తే నన్ను మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా చేతికిస్తావు. రెండు రోజుల్లో నాకు లేని రోగం వస్తుంది."

"ఫ్యాక్టరీ మీద అంత మమకారమేంటమ్మా నీకు? మాకంటే ఎక్కువా?"

అమ్మ అక్క వైపు చూసింది. కోపం లేదు. "మీ నాన్న సాయంత్రం మీతో పేకాడేవాడు గుర్తుందా?" అంది.

"ఆడి, మోసం చేసేవాడు. మన కళ్ళజోళ్ళల్లో ముక్కలు చూసి" అన్నాన్నేను.

"ఆ ఆడిన మనిషినీ ఇక్కడ పనిచేసిన మనిషినీ విడదీసి చూపించండి. అప్పుడు ఏది ఎక్కువో చెప్తాను" అని అమ్మ లేచి గేటు వైపు వెళ్ళిపోయింది.

పెదనాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వయినా చెప్పు."

"నేను బళ్ళో లెక్కలు చెప్తాను పెదనాన్నా. ఇది నా సబ్జెక్టు కాదు" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. స్థలంలో సగం తనదని గుర్తు చెయ్యాల్సిన రోజు వస్తుందనుకోలేదని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

అంతే, ఊరంతా పాకింది. ఐసాయన ఫ్యాక్టరీ మూసేస్తున్నారట. పడవలవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. సగం వేసవిలో మూసేసేవాళ్ళని నమ్ముకుని సముద్రం మీదికి ఎలా వెళతారు? పొరుగూరి నుంచి ఐసు తెప్పించుకోవటం మొదలుపెట్టారు. అది పాలకడ్డీ ఐసు, దారిలోనే సగం నీరయ్యేది. అయినా ఖాయంగా వచ్చేది. మా షెడ్డులో దిమ్మల మీద దిమ్మలు మిగిలిపోయాయి. పనివాళ్ళు మొహమొహాలు చూసుకునేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం అమ్మ వచ్చి, గచ్చు మీద కరిగి కాలువ కట్టిన నీళ్ళు చూసింది.

"కరిగేది మన గచ్చు మీదే ఎందుకు కరగాలి?" అంది.

ఆ రోజు నుంచి మిగిలిన ఐసు బస్టాండు నీళ్ళ తొట్లలోకీ, పెద్దాసుపత్రి వార్డుల్లోకీ వెళ్ళింది. వడగాడ్పులకి మనుషులు పిట్టల్లా రాలుతున్న రోజులవి. బండి డ్రైవరు తిరిగొచ్చి, "దాహం తీరినవాళ్ళంతా మీ కడుపు చల్లగా అంటున్నారమ్మా" అని చెప్పాడు. "కడుపు సంగతి తర్వాత. పడవలు ఏమంటున్నాయి?" అంది అమ్మ. పడవలు ఏమీ అనటం లేదు. ఒక్క పడవలావిడ తప్ప. ఆవిడ సొంత పడవల మీద పదిమందికి అన్నం పెట్టే మనిషి, నోరు పెద్దది. రోజూ వచ్చి తన దిమ్మలు తను వేయించుకుని, "నేనొక్కదాన్నే ఎన్నాళ్ళు కొనను వదినా?" అని వెళ్ళేది.

* * *

ఆదివారం సభ. వర్తక సంఘం హాలు కిటకిటలాడింది. వేదిక మీద నాన్న ఫోటో, చుట్టూ పూలు. ఆ ఫోటో మా ఇంట్లోది కాదు, ఎక్కడ దొరికిందో. దాంట్లో ఆయన బిగుసుకుపోయి, తిట్లు తిన్న గుమాస్తాలా ఉన్నాడు. అమ్మా అక్కా నేనూ ముందు వరసలో కూర్చున్నాం.

అధ్యక్షుడు మాట్లాడాడు. ఐసాయన చీమకి కూడా హాని తలపెట్టని సాధువు అన్నాడు. ఆయనకి కోపమంటే తెలియదన్నాడు. మా వెనక వరసలో ఫిట్టర్ తాత గట్టిగా దగ్గాడు. ఇంకొకాయన లేచి ఆయన తపస్వి అన్నాడు. మరొకాయన, ఎవరినీ పల్లెత్తు మాట అనని మహానుభావుడన్నాడు. అంత మంచితనం వినేసరికి నాకు ఊపిరాడలేదు. వాళ్ళు ఒక్కొక్క మాటా అంటుంటే మా నాన్న కొంచెం కొంచెం చెరిగిపోయి, ఆ ఫోటోలోని గుమాస్తా కొంచెం కొంచెం పెద్దవాడవుతున్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. "వీళ్ళు ఎవరి గురించి చెప్తున్నారే?" అంది మెల్లగా.

చివర్లో పెదనాన్న లేచాడు. తమ్ముడి గురించి ఏదో చెప్పబోయి మధ్యలో ఆపేసి, హాలు సంగతి మాత్రం చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి. అధ్యక్షుడు చేతులు జోడించి, "శ్రీమతిగారు రెండు మాటలు చెప్పి ఈ శుభకార్యానికి అంగీకారం తెలుపుతారు" అన్నాడు.

అమ్మ వేదిక ఎక్కింది. మైకు తన ఎత్తుకి దించుకోవటం తెలియక పక్కకి నిలబడి మాట్లాడింది.

"మీరంతా మా ఆయన గురించి చెప్పారు. నేను ఆయనతో కాపురం చేశాను కాబట్టి నాకు కొంచెం వేరేగా గుర్తు. ఆయనకి కోపం ముక్కు మీద ఉండేది. ఐసు పాలలా వస్తే చేతిలో ఉన్నది గోడకేసి కొట్టేవాడు. పేకాటలో పిల్లల్ని మోసం చేసేవాడు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కేవాడు. పాడితే వీధికుక్కలు శ్రుతి కలిపేవి."

ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ ఆగలేదు.

"ఒక్కరోజు కూడా మమ్మల్ని వదిలి తినలేదు. ఒక్కరోజు కూడా రేవుకి ఐసు లేదని చెప్పలేదు. నాకు తెలిసినంతవరకూ ఆయన చేసినవి ఆ రెండే. సాధువులూ తపస్వులూ ఆ రెండూ చెయ్యరు."

అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"హాలు కడతామన్నారు. మీ ప్రేమకి దండం. కానీ మా స్థలంలో వద్దు. అక్కడ ఇప్పటికే ఒక పని జరుగుతోంది. రేపు తెల్లవారుజామున బండి రేవుకి వస్తుంది. ఎవరికెన్ని దిమ్మలు కావాలో ఇక్కడే చెబితే, మా ఫిట్టరు వెనక కూర్చున్నాడు, గుర్తుపెట్టుకుంటాడు."

అని అలాగే నిలబడింది. సంతాప సభలో ఐసు బేరం. పెదనాన్న తల వంచుకున్నాడు. అమ్మ ముఖంలో మాత్రం, సంతలో కూరగాయల కొట్టు ముందు నిలబడ్డప్పుడు ఉండే ఓపిక.

"నాకు ఇరవై, వదినా" అంది పడవలావిడ, కూర్చున్న చోటు నుంచే.

"ఇరవై" అన్నాడు ఫిట్టర్ తాత.

ఆ తర్వాత గోడవారన నిలబడ్డ, పడవ నడిపే ముసలి సరంగు ఒకాయన చెయ్యెత్తాడు. "పది. కానీ మధ్యలో మూసెయ్యరు కదా?"

"నేను ఉండగా మూసెయ్యను. నేను పోతే నా కూతుర్ని అడుగు" అంది అమ్మ.

అందరూ నా వైపు చూశారు. నేను ఆ క్షణంలో ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోలేదు. "పదికి పన్నెండు చేసుకోండి, ఎండలు ముదురుతున్నాయి" అన్నాను. అంతే. సరంగు సరేనన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ, అటు నుంచీ ఇటు నుంచీ. పూల వాసన మధ్య అంకెలు వినపడటం మొదలైంది. తాత వేళ్ళు మడుచుకుంటూ పెదాలు కదుపుతున్నాడు. అమ్మ అధ్యక్షుడి వైపు తిరిగి, వెటకారమేమీ లేకుండా అడిగింది.

"మీ కోల్డ్ స్టోరేజీ ఇంకా లేవలేదు కదండీ. మీ కొట్టుకి ఎన్ని పంపమంటారు?"

ఆయన ఫోటో వైపు చూశాడు, జనం వైపు చూశాడు. "ఎప్పుడూ పంపేవే" అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం అక్క పెట్టె సర్దుకుంటూ, "అమ్మకి పొద్దున ఏదైనా తినకుండా మిషను గదిలోకి వెళ్ళనివ్వకు" అని నాకు చెప్పింది. రమ్మనే మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేముందు గేటు దాటి లోపలికి వెళ్ళి, ఒక చిన్న ఐసు ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది. చిన్నప్పుడు ఇద్దరం దొంగతనంగా చేసే పని అది.

* * *

అన్నీ ఆ ఒక్క సభతో బాగుపడిపోయాయని చెప్పను. కోల్డ్ స్టోరేజీ తర్వాత లేచింది, మా దగ్గర కొనే పడవలు కొన్ని అటు వెళ్ళాయి, కొన్ని తిరిగొచ్చాయి. ఆ వేసవి మటుకు రేవులో ఐసు లేదన్న మాట వినపడలేదు. నేను బడికి తిరిగి వెళ్ళలేదు. ఎవరైనా అడిగితే లెక్కలు ఇక్కడా ఉన్నాయని చెప్పేదాన్ని.

మిగిలింది పెదనాన్న. సభ తర్వాత ఆయన మా గుమ్మం తొక్కలేదు. స్థలంలో సగం ఆయనది. తన వాటా వర్తక సంఘానికి రాసిచ్చి ఆయన సంతకం పెడితే షెడ్డు మధ్యలో గోడ లేస్తుంది. ఆ భయం మాకుండేది. అమ్మ ఆయన గురించి ఒక్క పరుషమైన మాట అనలేదు. ఎవరైనా అనబోతే, "ఆయన తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు" అని నోరు మూయించేది.

మొదటి వాన పడిన రోజు. పెద్ద వానే. షెడ్డు రేకుల మీద చప్పుడికి మిషను చప్పుడు కూడా వినపడటం లేదు. నేనూ అమ్మా తొట్టి దగ్గర ఉన్నాం. చూస్తే గేటు దగ్గర పెదనాన్న, గొడుగులోంచి నీళ్ళు కారుతుండగా, నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

"వాళ్ళకి చెప్పొచ్చాను. సంతకం పెట్టనని" అన్నాడు, అక్కడి నుంచే.

అమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఈ వాసన వాడి చొక్కాలకుండేది" అన్నాడు మళ్ళీ.

"లోపలికి రండి బావగారూ. గచ్చు తడిగా ఉంది, చూసి అడుగెయ్యండి" అంది అమ్మ.

ఆయన గొడుగు గోడకి ఆనించి, చెప్పులు విడిచి, షెడ్డులోకి వచ్చాడు. గొలుసులూ కప్పీలూ గొట్టాలూ ఒక్కొక్కటే చూసుకుంటూ, పెళ్ళివారింటికి మొదటిసారి వచ్చిన మనిషిలా, ఏదీ ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. తొట్టి దగ్గరికి వచ్చి ఆగాడు.

"నేనేం చెయ్యను?" అన్నాడు.

"ఈ మూత ఎత్తి పట్టుకోండి. బరువుంటుంది" అంది అమ్మ.

ఆయన వంగి రెండు చేతులతో కొయ్య మూత ఎత్తాడు. కింద నుంచి చలి పొగ ఒక్కసారిగా లేచి ఆయన ముఖాన్ని కప్పేసింది. కళ్ళజోడు మసకబారింది. ఒక చేత్తో దాన్ని తీసి భుజానికేసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. పొగ పోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు. రెండో చేతిలో మూత కిందికి వాలసాగింది.

"మూత మాత్రం వదలకండి బావగారూ" అంది అమ్మ, క్యానుకి కొక్కెం తగిలిస్తూ.